ప్రమాద నివారణ: కార్మిక సంఘ కర్తవ్యం

(ఖరిదాలో జరిగిన తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో ఫెడరేషన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఊరిలో తెలుగువారి ముందు నిలబడినప్పుడు సుదీర్ఘమైన ఉపోద్ఘాతం అనవసరం. బెంగాల్ నాగపూర్ రైల్వేతో పాటు మన పూర్వులు కళింగాంధ్ర పల్లెల నుండి ఇక్కడకు వచ్చారు. వర్క్‌షాపులోను, లైనుమీదను చెమటోడ్చి ఖరిదాను తమ ఊరుగా చేసుకున్నారు. 1927లో ఇక్కడి వర్క్‌షాపు కార్మికులు ఉద్యోగాల తొలగింపును ప్రతిఘటించి నిలబడినప్పుడు వారి సంఘానికి నాయకత్వం వహించినవారిలో వి.వి.గిరిగారు ఒకరు. ఆ చరిత్రను మనం ప్రతి సభలోను చెప్పుకుంటూనే ఉన్నాము. ఈ రోజు నాకు అప్పగించిన అంశం వేరు. ఇంజనీరింగు పనులలో వైఫల్యాలను, ప్రమాదాలను నివారించడం ఎట్లా అన్నది ఆ అంశం.

ఇది శిక్షణా కేంద్రంలో అధికారులు చెప్పవలసిన పాఠం గదా, యూనియన్ వేదిక మీద దీనికి పనేమిటని కొందరికి తోచవచ్చు. దానికి సమాధానం మన డివిజనులోనే, బాలేశ్వర్ జిల్లా బహనాగా బజార్ స్టేషనులో ఉన్నది.

2023 జూన్ 2వ తేదీ సాయంత్రం సుమారు ఏడు గంటల వేళ షాలిమార్ నుండి చెన్నై వెళ్ళుచున్న కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ గంటకు 128 కిలోమీటర్ల వేగంతో ఆ స్టేషనుకు చేరుకున్నది. లోకో పైలట్‌కు మెయిన్ లైనుపై నేరుగా సాగిపోవలసినదిగా ఆకుపచ్చ సిగ్నల్ కనిపించినది. ఆయన వేగపరిమితికి లోబడియే ఉన్నాడు. కాని 17వ నంబరు క్రాస్‌ఓవర్ పాయింట్లు మాత్రం లూప్ లైను వైపు తిరిగి ఉన్నవి. లూప్ లైనులో ఇనుప ఖనిజంతో నిండిన గూడ్సు బండి నిలిచి ఉన్నది. కోరమాండల్ దానిని ఢీకొని చెల్లాచెదరైనది. దాని పెట్టెలు పక్క లైనుపై పడగా, అదే క్షణంలో అటునుండి పోవుచున్న బెంగళూరు–హౌరా ఎక్స్‌ప్రెస్ చివరి పెట్టెలు కూడ పట్టాలు తప్పినవి. 290 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఈ లైను బండ్లలో మన కుటుంబాలు ఏటా ఎన్నిసార్లు శ్రీకాకుళం, విశాఖ వైపు వెళ్ళి వస్తాయో మీకు వేరుగా చెప్పనవసరం లేదు.

ఇక్కడ తపాలా సోదరుల కోసం ఇంటర్‌లాకింగ్ అనగా ఏమిటో రెండు మాటలు చెప్పాలి. పాయింట్లు ఏ వైపు తిరిగి ఉన్నవో రూఢి అయిన తరువాతనే సిగ్నల్ ఆకుపచ్చగా మారవలెను. పాయింట్ల స్థితిని సిగ్నల్‌కు తెలియజేసేది తీగ, రిలే. మనిషి పొరపాటు పడినను యంత్రం పొరపాటును అంగీకరించదు. ఆ విధానం యొక్క గొప్పతనమే అది. పాయింట్లు లూప్ వైపు ఉండగా మెయిన్ లైనుకు ఆకుపచ్చ సిగ్నల్ రావడం సిద్ధాంతరీత్యా జరుగరానిది. కాని ఆ సాయంత్రం జరిగినది. పాయింట్లు ఒక వైపు ఉండగా, అవి మరొక వైపు ఉన్నవని తీగ సమాచారమిచ్చినది. స్టేషన్ మాస్టరు ప్యానెల్ ఆ సమాచారాన్నే నమ్మినది. సిగ్నల్ దానినే నమ్మినది. లోకో పైలట్ సిగ్నల్‌ను నమ్మాడు. వీరిలో ఎవ్వరికీ నమ్మకపోవడానికి కారణం లేదు.

తీగ ఎందుకు అబద్ధం చెప్పినది? ప్రభుత్వం 2023 జూలై 21న రాజ్యసభకు లిఖితపూర్వకంగా ఇచ్చిన సమాధానం ప్రకారం కారణాలు రెండు. ఉత్తరపు సిగ్నల్ గుమ్టీలో గతంలో ఎన్నడో సర్క్యూట్ మార్చినప్పుడు జరిగిన లోపాలు మొదటిది. 94వ నంబరు లెవెల్ క్రాసింగ్ గేటు వద్ద ఎలక్ట్రిక్ బారియర్ మార్చే పనిలో జరిగిన లోపాలు రెండవది. పాత తప్పు నిద్రపోవుచున్న పాము వంటిది. కొత్త పని దాని తోక త్రొక్కినది. రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో మరికొన్ని సంగతులు బయటపడినవి. ఆ గేటు పనికి ఆ స్టేషనుకే ప్రత్యేకంగా ఆమోదించబడిన సర్క్యూట్ డ్రాయింగ్ సరఫరా చేయబడలేదు. సూపర్‌వైజర్లు ఉన్న కాగితాన్ని తామే సవరించుకొని పని సాగించారు. తీగల చివర తగిలించిన అక్షరాలు, వాస్తవంలో ఆ తీగలు చేయుచున్న పని ఒకటి కావు. అన్నింటికంటె బాధాకరమైన అంశం వేరొకటి ఉన్నది. ఈ ప్రమాదానికి ఏడాది ముందే, 2022 మే 16న, ఇదే ఖరగ్‌పూర్ డివిజనులో బాంక్రానయాబాజ్ స్టేషను వద్ద తప్పు వైరింగు వలన ఇట్టి సంఘటనయే జరిగినది. అదృష్టవశాత్తు అప్పుడు ప్రాణనష్టం లేదు. అప్పుడే సరియైన చర్యలు తీసుకొని ఉంటే బహనాగా ప్రమాదం జరిగేదే కాదని కమిషనర్ స్పష్టంగా పేర్కొన్నారు.

మన డివిజను ఒక్కటే కాదు. 2023 ఫిబ్రవరి 8న కర్ణాటకలోని హోసదుర్గ రోడ్ స్టేషనులో బండికి సిగ్నల్ ఇచ్చిన తరువాత మార్గం మారిపోగా, లోకో పైలట్ అప్రమత్తతతో బండిని ఆపి ప్రమాదం తప్పించాడు. మరునాడే నైరుతి రైల్వే ప్రధాన ఆపరేషన్స్ అధికారి, ఈ లోపాలు సరిదిద్దకపోతే తీవ్ర ప్రమాదాలు జరుగవచ్చునని పై అధికారులకు లేఖ వ్రాశారు. నాలుగు నెలలు గడువక ముందే బహనాగా జరిగినది. అందుచేత హెచ్చరిక లేకపోయినదని ఎవ్వరూ అనలేరు. హెచ్చరిక ఒక జోన్‌లో పుట్టి ఆ జోన్ ఫైలులోనే నిద్రించినది.

ఈ మొత్తం పరంపరలో చివరకు అరెస్టయినవారు ఎవరు? 2023 జూలైలో సి.బి.ఐ. ముగ్గురు ఉద్యోగులను నిర్బంధించినది. ముగ్గురూ సిగ్నల్ విభాగం దిగువ, మధ్య శ్రేణులవారు. వారి అపరాధం ఎంత, కాదెంత అన్నది న్యాయస్థానం తేల్చవలసిన విషయం. దానిపై ఈ వేదిక నుండి తీర్పు చెప్పను, చెప్పరాదు. నేను అడిగేది ఒక్కటే. ఆమోదిత డ్రాయింగు లేకుండా పని మొదలు కావడానికి అనుమతించిన వ్యవస్థ ఏ స్థాయిలో ఉన్నది? మే 16 సంఘటన మీద వచ్చిన నివేదిక ఏ బల్ల మీద ఆగిపోయినది? ఈ ప్రశ్నలు అడిగే హక్కు, అడుగవలసిన బాధ్యత సంఘానికి ఉన్నవి.

సరిగా ఇట్టి ప్రమాదమే ఇంగ్లండులో ఒకటి జరిగినది. దానిని కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే సిగ్నల్ పని చేసే మన సోదరులందరూ తెలిసికొనవలసిన ఉదంతమది. 1988 డిసెంబరు 12న లండన్‌లోని క్లాపం జంక్షన్ వద్ద రద్దీ వేళ, ఆగి ఉన్న బండిని వెనుకనుండి వచ్చిన బండి ఢీకొనగా 35 మంది మరణించారు. ముందు బండి పట్టాలపై నిలిచి ఉన్నను వెనుక సిగ్నల్ ఎర్రగా మారలేదు. కారణం ఒక పాత తీగ. రెండు వారాల క్రితం సిగ్నల్ ఆధునీకరణ పనిలో ఒక టెక్నీషియన్ పాత తీగను రిలే వైపు ఊడదీశాడు గాని, దానిని కత్తిరించలేదు, దూరంగా కట్టివేయలేదు. ఫ్యూజు వైపు అట్లాగే వదలివేశాడు. తరువాత ప్రక్కనున్న రిలే మార్చేటప్పుడు ఆ తీగ కదలి మళ్ళీ తన పాత చోటును తాకినది.

ఆ టెక్నీషియన్‌ను ఉరితీసి చేతులు దులుపుకొని ఉండవచ్చును. ఆంథొనీ హిడెన్ అనే న్యాయవాది ఆధ్వర్యంలో జరిగిన విచారణ అట్లా చేయలేదు. ఆ మనిషి ఎన్నాళ్ళ నుండి పనిచేయుచున్నాడని అడిగినది. పదమూడు వారాలలో అతనికి లభించిన సెలవు ఒక్క రోజు! అతని పనిని తనిఖీ చేయవలసిన సూపర్‌వైజరు వేరే పనిలో మునిగి ఉన్నాడు. పని పూర్తి అయిన తరువాత స్వతంత్రంగా తీగలు లెక్కించే పరీక్ష జరుగలేదు. ఒక్కొక్క తీగను లెక్కించి ఉంటే అదనపు తీగ అప్పుడే దొరికి ఉండేది. హిడెన్ నివేదిక 93 సిఫారసులు చేసినది. సిగ్నల్ పనివారి పనిగంటలపై పరిమితి అప్పుడు వచ్చినది. 1991లో న్యాయస్థానం జరిమానా విధించినది బ్రిటిష్ రైల్ సంస్థకు. ఓవర్‌టైం గూర్చి మనవారు ఆనందించడం నాకు తెలుసు. పిల్లల ఫీజులకు, ఇంటి అద్దెకు అది అక్కరకు వస్తుంది. అయినను ఎడతెగని ఓవర్‌టైం ఖాళీ పోస్టులను కప్పిపుచ్చే దుప్పటి అని కూడ గుర్తించాలి. భర్తీ చేయని పోస్టు వలన పొదుపయ్యే జీతం యాజమాన్యం ఖాతాలో చేరుతుంది, అలసట మాత్రం రిలే రూములో మిగులుతుంది.

కామ్రేడ్స్, ఈ రెండు ఉదంతాలలోను ఒక సమానాంశం గమనించండి. యంత్రం పాతబడి విరిగిపోవడం వలన ప్రమాదం రాలేదు. బాగుచేయుచుండగా, మెరుగుపరచుచుండగా వచ్చినది. 1999 ఆగస్టు 2న గైసాల్‌లో రెండు ఎక్స్‌ప్రెస్‌లు ఎదురెదురుగా ఒకే లైనుపై వచ్చి 280 మందికి పైగా మరణించినప్పుడు కూడ కిషన్‌గంజ్ స్టేషనులో సిగ్నల్ పనులు సాగుచున్నవి. వంతెన కట్టేవాడికైనా, బాయిలర్ మరమ్మతు చేసేవాడికైనా ఇది వర్తిస్తుంది. పాత విధానం తెలుసు, కొత్త విధానం తెలుసు. ఈ రెంటి మధ్యనున్న కొద్ది గంటలలో ఏది అమలులో ఉన్నదో ఎవరికీ స్పష్టంగా తెలియదు. ఆ గంటలలోనే త్వరపెట్టే ఫోన్లు కూడ వస్తాయి. బ్లాకు ఎప్పుడు విడుస్తారు, బండి ఆగి ఉన్నది, కంట్రోల్ అడుగుచున్నది!

ఇక తపాలా సోదరుల వైపు వస్తాను. మెయిల్ వ్యానులో ప్రయాణం చేసిన ఆర్.ఎం.ఎస్. సార్టరుకు రైలు ప్రమాదం పరాయి విషయం కాదు గాని, నేను చెప్పదలచినది అది కాదు. కంప్యూటరు పథకం కూడ ఒక ఇంజనీరింగు నిర్మాణమే. అది కూలినప్పుడు ఇటుకలు కనబడవు, అంతే తేడా. బ్రిటిష్ పోస్టాఫీసు 1999 నుండి హొరైజన్ అనే లెక్కల విధానాన్ని ప్రవేశపెట్టినది. దానిని ఫుజిత్సు కంపెనీ సమకూర్చినది. ఆ తరువాత గ్రామాలలో, చిన్న పట్టణాలలో ఉన్న సబ్ పోస్టుమాస్టర్ల లెక్కలలో లేని లోటు కనిపించసాగినది. వారు ఫిర్యాదు చేస్తే, ఇట్టి ఇబ్బంది మీ ఒక్కరికే వస్తున్నదని చాలమందికి సమాధానం వచ్చినది. యంత్రం తప్పు చేయదు కావున మనిషి దొంగిలించి ఉండవలెనన్నది పాలకుల తర్కం. సుమారు పదిహేను సంవత్సరాలలో 900 మందికి పైగా నేరస్థులుగా ముద్రవేయబడ్డారు. కొందరు జైలుకు పోయారు, ఇళ్ళు అమ్ముకున్నారు, కొందరు ప్రాణాలు తీసుకున్నారు. అలన్ బేట్స్ అనే మాజీ సబ్ పోస్టుమాస్టరు నాయకత్వంలో 555 మంది కలిసి దావా వేయగా, ఆ కంప్యూటరు విధానంలోనే దోషాలున్నవని 2019 డిసెంబరులో న్యాయస్థానం తేల్చినది. 2024లో బ్రిటిష్ పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి శిక్షలను రద్దు చేసినది.

మీ ఒక్కరికే వస్తున్నది అన్న ఆ మాటను మనసులో ఉంచుకోండి. విడివిడిగా ఉన్న ఉద్యోగికి ఆ మాట చెప్పి నోరు మూయించవచ్చు. ఒకే చోట కూర్చొని లెక్కలు పోల్చుకున్నవారికి చెప్పలేరు. 2025లో మన తపాలా శాఖ కూడ కొత్త కంప్యూటరు విధానానికి మారినది. మారిన తొలి రోజులలో కౌంటర్ల వద్ద ఏమి జరిగినదో ఇక్కడున్నవారికి నేను చెప్పాలా? కౌంటరు ఉద్యోగి కాని, గ్రామీణ డాక్ సేవక్ కాని, తన తెరపై కనిపించిన ప్రతి వింత లోపాన్ని తేదీతో, సమయంతో వ్రాసిపెట్టుకొని బ్రాంచికి పంపవలెను. రేపు ఎవరిపైనైనా లోటు మోపబడితే మన చేతిలో ఉండే ఆయుధం ఆ నోటు పుస్తకమే.

ప్రమాదం జరిగిన వెంటనే నింద ఎవరిపై పడుతుందో చూడండి. 2024 జూన్ 17న రంగాపాని వద్ద కాంచన్‌జంగా ఎక్స్‌ప్రెస్‌ను గూడ్సు బండి ఢీకొన్నది. గూడ్సు లోకో పైలట్ మరణించాడు. ఆయన శవం ఇంటికి చేరకముందే ఆయనే సిగ్నల్‌ను లెక్కచేయలేదని ప్రకటన వెలువడినది. తీరా విచారణ జరిగేసరికి, ఆటోమేటిక్ సిగ్నళ్ళు చెడిపోగా ఆయనకు ఇచ్చిన అనుమతి పత్రంలో వేగపరిమితి ప్రస్తావనయే లేదని తేలినది. అట్టి పత్రం పొంది అదే ఉదయం ఆ దారిన నడిచిన బండ్లలో కాంచన్‌జంగా తప్ప మిగిలినవి కూడ నిర్దేశించిన వేగాన్ని పాటించలేదని, నియమాలను ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా అర్థం చేసుకున్నారని, సిబ్బందికి తగిన శిక్షణ లేదని బయటపడినది. అది జరుగుటకు సిద్ధంగా ఉన్న ప్రమాదమని కమిషనర్ అన్నారు. అంతకు ముందు 2023 అక్టోబరు 29న మన విజయనగరం జిల్లా కంటకాపల్లి వద్ద రాయగడ పాసింజర్ పలాస పాసింజర్‌ను వెనుకనుండి ఢీకొని 14 మంది మరణించినప్పుడు కూడ అక్కడ ఆటోమేటిక్ సిగ్నళ్ళ లోపం ఉన్నది. అట్టి ఎర్ర సిగ్నల్ వద్ద పగలు ఒక నిమిషం, రాత్రి రెండు నిమిషాలు ఆగి, ఆపైన అతి మెల్లగా పోవలెనన్న నియమం పుస్తకంలో ఉన్నది. ఎనిమిది నెలల వ్యవధిలో ఒకే రకపు సంఘటన రెండు జోన్లలో జరిగినదంటే ఆ నియమం పుస్తకంలోనే ఉన్నదన్న మాట.

దీనికి భిన్నమైన సంప్రదాయం కూడ ఈ దేశంలో ఉండేది. 1956 సెప్టెంబరులో జడ్చర్ల–మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలి వందమందికి పైగా మరణించినప్పుడు రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు రాజీనామా ఇవ్వగా నెహ్రూగారు అంగీకరించలేదు. ఆ నవంబరులోనే అరియలూరు ప్రమాదం జరుగగా శాస్త్రిగారు పదవి విడిచిపెట్టారు. రాజీనామాతో వంతెన నిలబడదు, నిజమే. కాని బాధ్యత పైనుండి క్రిందికి దిగవలెనే గాని క్రిందనే పుట్టి క్రిందనే అంతం కారాదన్న సూత్రం అందులో ఉన్నది.

కవచ్ వచ్చిన తరువాత ఇవన్నీ ఉండవని కొందరంటున్నారు. కవచ్ మంచి విధానం. మన వికారాబాద్, వాడి ప్రాంతాలలోనే దాని పరీక్షలు జరిగినవి, హైదరాబాదు కంపెనీలు దానిని తయారు చేయుచున్నవి. త్వరగా విస్తరించాలని మనమూ కోరుచున్నాము. అయితే ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. మార్గం ఎటు ఉన్నదో కవచ్‌కు చెప్పేది ఇంటర్‌లాకింగే. తీగ తప్పు చెబితే కవచ్ ఆ తప్పునే వింటుంది.

ఇప్పుడు మన వైపు చూద్దాం. ఈ మాటలు కొందరికి రుచించకపోవచ్చు. డిస్కనెక్షన్ మెమో లేకుండా నోటిమాట మీద పని మొదలుపెట్టడం, పరీక్ష చేయకుండానే రీకనెక్షన్ మెమో మీద సంతకం పెట్టడం, మనవాడే గదా అని తనిఖీ రిజిస్టరు ఒకేసారి వారం రోజులకు నింపడం, ఇవి మన శ్రేణులలో లేవని ఎవరూ అనలేరు. అట్టివాడిని సంఘం వెనకేసుకు రారాదు. బహనాగాలో పాయింట్ల విచిత్ర ప్రవర్తన పదేపదే కనిపించినను సిగ్నల్ విభాగానికి తెలియజేయబడలేదని కమిషనర్ వ్రాశారు. చిన్న లోపం తాత్కాలికంగా సర్దుకుపోతే మరచిపోవడం మానవ స్వభావం. కాని సర్దుకుపోయిన లోపమే ఎక్కువ ప్రమాదకరం. చెడిపోయిన పాయింటు బండిని ఆపుతుంది. అప్పుడప్పుడు చెడిపోయే పాయింటు బండిని పోనిస్తుంది.

అదే సమయంలో, లోపాన్ని రిపోర్టు చేసినవానికి మెమో, చార్జిషీటు బహుమతిగా వస్తే ఎవడు రిపోర్టు చేస్తాడు? కావున మన మొదటి కోర్కె ఇది: స్వచ్ఛందంగా లోపం తెలియజేసిన ఉద్యోగిపై ఆ కారణంగా క్రమశిక్షణ చర్య ఉండరాదు. ఆమోదిత డ్రాయింగు చేతిలో లేనిదే సిగ్నల్ సర్క్యూట్‌ను ముట్టరాదన్న నియమం కాగితంపై ఉన్నది. దానిని పాటించి పని నిరాకరించిన సూపర్‌వైజరుకు రక్షణ లేదు. ఆ రక్షణ కావాలి. పని చేసినవాడు, పరీక్షించినవాడు ఒకరే కారాదు. కాంట్రాక్టరు మనుషులు కేబుల్ త్రవ్వేటప్పుడు శాఖ ప్రతినిధి అక్కడ ఉండవలెను. ఒక డివిజనులో తృటిలో తప్పిన ప్రమాద నివేదిక పదిహేను రోజులలో అన్ని డివిజన్ల సిబ్బందికి వారి భాషలో అందవలెను. ఖరగ్‌పూర్‌లో తెలుగు, బెంగాలీ, హిందీ, ఒడియా మాట్లాడే సిబ్బంది కలిసి పనిచేస్తారు. ఇంగ్లీషు సర్క్యులరును నోటీసు బోర్డుకు అంటించి కర్తవ్యం ముగిసినదనుకోవడం చెల్లదు.

నిధుల విషయం క్లుప్తంగా చెబుతాను. అనిల్ కాకోద్కర్ సమితి 2012లో భద్రతకు ఐదేళ్ళలో లక్ష కోట్లు ఖర్చు చేయాలని, స్వతంత్ర భద్రతా ప్రాధికార సంస్థ కావాలని చెప్పినది. 2017-18లో లక్ష కోట్ల నిధి ప్రకటించబడినది. దానిని వాడిన తీరుపై 2022లో కాగ్ నివేదిక తీవ్ర అభ్యంతరాలు తెలిపినది. స్వతంత్ర సంస్థ ఇప్పటికీ రాలేదు. భద్రతా కమిషనర్లు పౌర విమానయాన శాఖ క్రింద ఉన్నారు గాని, వారి సిఫారసులను అమలుచేసేది, చేయనిది రైల్వే యాజమాన్యమే.

కార్యవర్గం తీర్మానం ప్రకారం ప్రతి బ్రాంచిలోను ఐదుగురితో భద్రతా ఉపసంఘం ఏర్పడుతుంది. అందులో సిగ్నల్, ట్రాక్, రన్నింగ్ సిబ్బంది నుండి ఒక్కొక్కరు, వర్క్‌షాపు నుండి ఒకరు, తపాలా వైపు నుండి ఒకరు ఉంటారు. ఇంతకు ముందు చెప్పిన నోటు పుస్తకాల నమూనా బ్రాంచి కార్యదర్శి వద్ద సిద్ధంగా ఉన్నది. మొదటి నెల వివరాలను వచ్చే డివిజనల్ సమావేశంలో యాజమాన్యం ముందు ఉంచుతాము. పేర్లు వెల్లడించము. ప్రశ్నలున్నవారు అడుగవచ్చు, ఆర్.ఎం.ఎస్. సోదరులు రాత్రి డ్యూటీకి వెళ్ళవలసి ఉన్నది గనుక ముందు వారికి అవకాశమివ్వవలసినదిగా అధ్యక్షులవారిని కోరుచున్నాను.